మూతి ఎటు

ఇటుకల బట్టీ ఆరిపోయాక మిగిలిన గొయ్యే మా రేంజ్.
మూడు పక్కలా లంక ఇసుక మూటలు,
వాటి మీద ఎవరూ నాటని దొండతీగ.
నాలుగో పక్క మేము.
మా వెనక ప్లాస్టిక్ కుర్చీలు, మజ్జిగ బిందె,
అట్టబొమ్మల చిల్లులకి కాగితం అతికించే అబ్బులు.

మొదటి రోజున ప్రభుదాసు గారన్నారు:
"మాలచ్చమ్మా, ఇక్కడ మూతి తిప్పితే ఇంటికే."
నవ్వొచ్చింది.
ఆనపకాయ కూర వద్దన్నప్పుడల్లా
మా నాన్నమ్మ అనే మాటే అది.
ఆయన నవ్వలేదు.
రిజర్వు పోలీసు ఆయుధాల గదిలో ముప్పై ఏళ్ళు
ఒక్కో గొట్టం తుడిచి, లెక్కపెట్టి, గోడకి నిలబెట్టిన మనిషి.
మాట కూడా నేలకేసే మాట్లాడతారు.

ఆయన దగ్గరొక మీటరు బద్ద.
తణుకులో మూతపడ్డ బట్టల కొట్టుది,
రెండు కొసలా ఇత్తడి.
ఎన్ని చీరలు కొలిచిందో,
ఇప్పుడు మా బూట్ల పక్కన పడుకుంటుంది.
నడుమున ఒరలో ఉన్న పిస్తోలు గొట్టంలోంచి
తిన్నగా ఓ దారం లాగితే
అది నేలని తాకే చోటు
ఈ బద్ద దాటకూడదు.
అంతే చట్టం.

జిల్లా పోటీకి ముందు రాత్రి
ఒర స్క్రూ వదులు చేశాను.
పిడి కాస్త ముందుకి, మూతి కాస్త వెనక్కి.
చెయ్యి తొందరగా అందుతుంది.
అర సెకను.
అర సెకనంటే ఏమిటో ఓడిన వాళ్ళని అడగండి.

మూడో వరస.
లోడ్ చేసి ఒరలో పెట్టాను.
కాస్త ముందుకి వంగి, చేతులు వేలాడేసి,
చెవులు మూసుకుపోయి, లోపల గుండె
లాకులెత్తిన పంటకాలవలా.
కూత వినపడాలి.
వినపడలేదు.
"ఆగు" అని వినపడింది.
"ఇసుక మూటలకేసే చూడు. మెల్లగా తియ్యి.
ఖాళీ చెయ్యి. చూపించు."

అప్పుడు బద్ద వేశారు.
మళ్ళీ అలాగే వంగమన్నారు.
దారం బద్ద దాటింది, సున్నపు గీత దాటింది,
కుర్చీల దాకా పోయింది.
"సేఫ్టీ వేసే ఉందండి, ఆయ్. ట్రిగ్గర్ మీద వేలైనా పెట్టలేదు."
ఆయన వాదించలేదు.
భుజం పట్టుకుని వెనక్కి తిప్పారు.
దారం చివర అబ్బులు
గోళ్ళకంటిన జిగురు పళ్ళతో పీక్కుంటూ
ఆవలిస్తున్నాడు.

చిట్టాలో నా పేరు కొట్టేశారు,
స్కేలు పెట్టి, తిన్నగా.

ఇంటికెళ్ళేసరికి నాన్న మోకు సరిచేసుకుంటున్నాడు.
కల్లు రోజుల్లో ఆయన నడుముకీ ఒక పొది ఉంటుంది,
అందులో గడ్డం గీసుకునేంత పదునున్న గీత కత్తి.
తొడ మీద జానెడు మచ్చ.
అడిగితే "పొది పక్కకి జరిగింది" అంటాడు.
కథంతా అదే.

నా ఒర చేతిలోకి తీసుకుని అటూ ఇటూ ఆడించాడు.
"నిలబడి చూసుకున్నావా?"
"ఆఁ."
"నిలబడి ఎవడు ఎక్కుతాడే చెట్టు?
వంగి చూసుకోవాలి."
మోకు భుజాన వేసుకుని గట్టు మీద పోయాడు.
తాటిచెట్టు మొదట్లో ఆగి
ఖాళీ పొలానికేసి అరిచాడు, రోజూ అరిచినట్టే:
"కింద ఎవరన్నా ఉన్నారా?"
కొంగ ఒకటి లేచింది.
అప్పుడు ఎక్కాడు.

స్క్రూ బిగించాను.
ఖాళీ ఒర కట్టుకుని, బీరువా అద్దానికి పక్కగా తిరిగి
వంగాను, గొంతుక్కూచున్నాను,
జారిపడ్డ మేగజీన్ ఏరుతున్నట్టు నేలని తాకాను.
అమ్మ గుమ్మంలోంచి చూసి
దిష్టి తియ్యాలేమో అనుకుంది.

వచ్చే ఏటి దాకా పోటీ లేదు.
ఆదివారం ఆదివారం వెళ్తున్నాను.
బద్ద నా కాలి పక్కన ఊరికే పడుకుని లేస్తోంది.
నిన్న అబ్బులు చిల్లులు లెక్కపెడుతూ
"స్లో అయిపోయావేంటక్కా" అన్నాడు.
అవునన్నాను.
బిందెలో గ్లాసు ముంచి
వాడికే ముందిచ్చాను.